అగ్ని నడచిన త్రోవ

భూగోళ పటమున ఉత్తరధ్రువ వృత్తమునకు ఆనుకొని ఐస్లాండు అను ద్వీపము కలదు. వైశాల్యమున అది మన తెలంగాణ రాష్ట్రము కంటె కొంచెము చిన్నది. జనసంఖ్య మాత్రము నాలుగు లక్షలకు లోపే. అట్లాంటికు మహాసముద్రము నడుమ భూమి పైపొర రెండు పలకలుగా విడిపోయి, ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున ఎడమగుచున్న చోట ఆ ద్వీపము నిలిచియున్నది. ఆ చీలికల గుండ కరగిన శిల పైకి వచ్చుచుండును. అందుచే అచ్చట పైన మంచుగడ్డ, క్రింద నిప్పు. ఒకచోట సలసల కాగు నీటి బుగ్గలు, మరియొకచోట బొగ్గువలె నల్లనైన సముద్రతీరములు. వీనిని చూచుటకు ప్రపంచము నలుమూలల నుండి జనులు వచ్చి, త్రోవ తెలిసిన మార్గదర్శి ముందు నడువగా గుంపులు గుంపులుగా పోవుదురు. ఏ నేల గట్టిదో, ఏ నేల అడుగున మరుగుచున్న బురద కలదో ఆ మార్గదర్శికే తెలియును. లావాపై పెరిగిన నాచును త్రొక్కరాదని అతడు చెప్పును. ఒకసారి నలిగిన నాచు మరల పెరుగుటకు దశాబ్దములు పట్టునట.

నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతపు ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతి ఉపాధ్యాయుడు ఈ సంగతులు చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "సార్, మనం ఎప్పుడైనా అక్కడికి పోగలమా?" అని అడిగెను.

"పోగలవేమో. కాని నిప్పు పుట్టించిన నేల చూడడానికి అంత దూరం పోనక్కరలేదు. మీ ఇంటి అరుగు రాయి కూడా నిప్పులోనుంచి వచ్చినదే" అని ఉపాధ్యాయుడు బదులు చెప్పెను. పిల్లలందరు నవ్విరి. ఆ నవ్వు నుండియే యాత్ర పుట్టినది.

సంక్రాంతి సెలవులకు ముందు ఒక శుక్రవారము తెల్లవారక మునుపే ముప్పదియారుగురు పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు ఒక అద్దె బస్సులో బయలుదేరిరి. భూగర్భ సర్వేక్షణ శాఖలో చిరకాలము పనిచేసి విశ్రాంతి గొన్న ఒక పెద్దమనిషి వారికి మార్గదర్శిగా వచ్చెను. చేతిలో చిన్న సుత్తి, మెడలో భూతద్దము. అంతకు మించి ఆయన వద్ద ఆడంబర మేమియు లేదు. బస్సు కదలకముందే ఆయన, "బిడ్డలారా, క్రింద పడిన రాయిని ఏరుకోండి. నిలిచిన రాయిని కొట్టకండి. రాతి మీద పేర్లు రాయకండి. ఆ రాతికి మీ పేరు అక్కర లేదు" అనెను.

పిల్లలందరు రాళ్ళ కొరకు సంచులు తెచ్చుకొనిరి. ఒక బాలిక మాత్రము సంచితోపాటు ఒక నీళ్ళ సీసాను గూడ తెచ్చి, గుడ్డలో చుట్టి భద్రముగా ఒడిలో పెట్టుకొనెను. దాహమైనను దానిని ముట్టలేదు. ఎందుకని తోటివారు అడిగిన, "ఇది తాగేది కాదు" అని ఊరకుండెను.

పాలమూరు దాటి కొడంగల్ వైపు పోవుచుండగా కిటికీల వద్ద కూర్చున్నవారు మొదట గమనించినది నేల రంగు. అంతవరకు కనుచూపు మేర ఎర్రని చెల్కలు. పిదప నేల గోధుమ వన్నెకు, ఆపై నలుపునకు తిరిగెను. నల్లరేగడి చేలలో కంది పైరు కోతకు వచ్చి యుండెను. ఈ ప్రాంతమునకు పొరుగుననున్న తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పప్పు రుచికి ఈ నేల కూడ కారణమని రైతులందురు. మార్గదర్శి ఒక పాత దిగుడుబావి వద్ద బస్సు నాపించెను.

బావి గోడ పైభాగమున నల్లమన్ను, దాని క్రింద ఉల్లిపొరల వలె ఊడుచున్న ముదురు గోధుమ రంగు రాయి, అంతకు క్రింద ఇనుము వంటి నల్లరాయి కనబడెను. రాతి నిండ చిన్న తూట్లు. కొన్ని తూట్లలో తెల్లని ఖనిజము మెరయుచుండెను.

"ఇది బసాల్టు. ఐస్లాండులో ఎక్కడ చూచినా ఇదే రాయి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కిందట మన దేశపు పడమటి భాగంలో నేల చీలి, లావా వరదవలె పారింది. అప్పుడు ఇక్కడ మనిషి లేడు. రాక్షసబల్లుల చివరి రోజులవి. లావాలోని వాయువులు పైకి పోయిన గుర్తులే ఈ తూట్లు. తరువాతి కాలంలో నీరు వచ్చి వాటిలో తెల్లని ఖనిజం నింపింది."

ఆ లావా ఒకసారి కాదు, పొర మీద పొరగా అనేక పర్యాయములు పారినది. నేటికిని సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర నిలిచియున్న ఆ శిలలకు దక్కను ట్రాపులని పేరు. ట్రాప్ అనగా స్వీడను దేశపు భాషలో మెట్టు. పడమటి కనుమలలో పొరలన్నియు కలిసి 2 కిలోమీటర్లకు పైగా మందము గలవి. కొండలు మెట్ల వలెనే కనబడును. కొడంగల్ వద్దకు వచ్చుసరికి అవి పలుచనై అంతమగుచున్నవి. రాజమహేంద్రవరము వద్ద గోదావరి ఇరుదరుల గూడ ఈ కాలపు లావా కలదన్న పిల్లలు నమ్మలేదు. ఉపాధ్యాయుడు పటము తెరచి దూరము కొలచి చూపెను. నమ్మిరో లేదో కాని, ఒక బాలుడు బావి గట్టున పడియున్న నల్లరాతి తునకను చల్లారినదా లేదా అని చూచువానివలె మెల్లగా తాకి తీసికొనెను.

నారాయణపేట చీరలకు ప్రసిద్ధి. ఆ దినమున బృందము చీరల నేత చూడక, ఊరి పరిసరములలోని కోటకొండ గ్రామపు చేలలోనికి పోయినది. అచ్చట చూచుటకేమియు లేదు. ఒక చేను, దానిలో కొంచెము పచ్చగా తోచు మన్ను, చితికిన రాళ్ళు. పిల్లల మొగములు చిన్నబోయినవి. కాని ఆ మన్ను సామాన్యమైనది కాదు. సుమారు 110 కోట్ల ఏండ్ల క్రిందట భూమిలో 150 కిలోమీటర్లకు మించిన లోతు నుండి కరగిన శిల వాయువుల బలముతో గొట్టము వలె త్రోవ చేసికొని పైకి చిమ్మినది. ఆ గొట్టములో చల్లబడినదే కింబర్లైటు అను శిల. ప్రపంచమున వజ్రములు పుట్టినింటి నుండి ఎక్కువగా పైకి వచ్చునది ఈ బండి మీదనే. వజ్రమను మాట వినగానే ముప్పదియారుగురును మోకాళ్ళపై కూలబడి మన్ను వెదకసాగిరి. బండి ఉన్నంత మాత్రమున అందు ప్రయాణికుడుండవలెనను నియమము లేదని మార్గదర్శి పదేపదే చెప్పినను ఎవ్వరును వినలేదు. అరగంటకు ఒకనికి గాజుపెంకు దొరకెను.

ఆ రాత్రి పాలమూరులో బస. మరునాటి ఉదయము పిల్లలమర్రి చూచిరి. మూడెకరములకు మించి పరచుకొనిన ఆ వటవృక్షమునకు చెదలు పట్టి 2017లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడెను. మరుసటి ఏడు రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలు వ్రేలాడగట్టి కొమ్మలకు మందు ఎక్కించి దానిని కాపాడిరి. చెట్టుకు సెలైను అనగానే పిల్లలకు కలిగిన ఆశ్చర్యము నిన్నటి లావాకు గూడ కలుగలేదు.

పాలమూరు వీడిన పిదప త్రోవకు రెండు వైపుల గుండ్ల గుట్టలు మొదలయ్యెను. ఒక గుండుపై మరియొక గుండు, దానిపై మూడవది. ఇప్పుడో ఇంకొక నిమిషముననో దొర్లి పడునేమో అన్నట్లు నిలిచియుండును. దక్షిణ తెలంగాణమున పుట్టిన వానికి ఈ దృశ్యము తల్లి మొగము వంటిది; చూచుచునే యుండును గాని ఎన్నడును పరీక్షింపడు.

"ఈ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల ఏండ్లు" అని మార్గదర్శి చెప్పెను. "కొడంగల్ నల్లరాయి దీని ముందు నిన్నటి పసిపాప. ఇది కూడా కరిగిన శిలయే. కాని పైకి పారలేదు. భూమి లోపల, కొన్ని కిలోమీటర్ల అడుగున, మెల్లగా చల్లబడింది. అందుకే దీనిలో రేణువులు కంటికి కనబడతాయి. తెల్లనిది, ఎర్రనిది, నల్లగా మెరిసేది. దీని మీద ఉన్నదంతా కోట్ల సంవత్సరాలలో అరిగిపోయి ఇది బయటపడింది."

మరి గుండ్లు ఎవరు పేర్చిరి? ఎవ్వరును పేర్చలేదు. రాయి చల్లారునప్పుడును, పైబరువు తొలగినప్పుడును నిలువుగను అడ్డముగను పగుళ్ళేర్పడును. పగుళ్ళలో నీరు చేరి రాతిని కొరుకును. దిమ్మకు మూలలు మూడు వైపుల నుండి అరుగును గావున మొదట అవియే పోవును, దిమ్మ గుండగును. చుట్టునున్న మెత్తని మన్ను వానలకు కొట్టుకొనిపోయి గుండ్లు ఒకదానిపై ఒకటి మిగులును. పగుళ్ళు తక్కువైన చోట కొండయంతయు ఒకే రాయిగా నిలుచును. భువనగిరి కొండ అట్టిది. 2014 మే 25న పదమూడేండ్ల వయస్సున ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణ మొదట ఎక్క నేర్చినది ఆ భువనగిరి రాతిపైననే.

కొంత దూరము పోగా సగము కోసిన గుట్ట యొకటి కనబడెను. కత్తితో జున్ను కోసినట్లు దాని ప్రక్క నున్నగా నుండెను. లారీలపై దిమ్మలు పోవుచుండెను. ఇది తప్పు కాదా యని ఒక బాలిక అడిగెను. మార్గదర్శి కొంతసేపు మాటలాడలేదు. "అందులో పని చేసేవాళ్ళు మన ఊళ్ళవాళ్ళే, బిడ్డా. వాళ్ళకు కూలి కావాలి. కాని వరి కోస్తే మళ్ళీ మొలుస్తుంది, గుట్ట మొలవదు. ఏ గుట్ట కోయాలి, ఏ గుట్ట ఉంచాలి అని కోయకముందే ఆలోచించాలి" అనెను.

అచ్చంపేట దాటి మన్ననూరు చేరుసరికి మధ్యాహ్నమైనది. నల్లమల కొండలు గుండ్ల గుట్టల వలె లేవు. పైన పీట వలె చదునుగా నుండును. అడవిశాఖ వాహనములలో ఫరహాబాదు దృశ్యస్థలమునకు పోవునప్పుడు ఒక చెంచు యువకుడు మార్గదర్శియయ్యెను. అంతవరకు త్రోవ చూపిన పెద్దమనిషి వెనుక సీటులో విద్యార్థివలె కూర్చుండెను. అమ్రాబాదు పులుల అభయారణ్యము 2,600 చదరపు కిలోమీటర్లకు మించినది. పులి కనబడలేదు. యువకుడు దుమ్ములో దాని అడుగు చూపి, అది ఏ వైపు పోయినదో చెప్పెను. పిల్లలకు అదియే చాలినది.

ఇచ్చటి రాయి నిప్పులో పుట్టలేదు. గ్రానైటు అరిగి ఇసుకయై, పురాతన సముద్రపు అంచున పొరలుగా పడి, గట్టిపడి స్ఫటిక శిలయైనది. ఒక పలకపై అలల ముద్రలు చెరువు అడుగున ఇసుకపై నుండునట్లే యుండెను. ఈ శిలయు గ్రానైటును కలియు చోట యురేనియము దొరకుననియు, దానికై అన్వేషింపవలెననియు ఒకప్పుడు ప్రతిపాదన వచ్చెను. అడవికిని చెంచులకును కృష్ణ నీటికిని హాని కలుగునని జనులు ఎదిరింపగా 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ దానికి వ్యతిరేకముగ తీర్మానించెను.

ఆ రాత్రి చలి ఎక్కువగా నుండెను. బస చేసిన చోట ముంగిట మంట వేసికొని అందరు చుట్టు కూర్చుండిరి. పిల్లలు ఐస్లాండు కథ యొకటి చెప్పుమని కోరిరి. మార్గదర్శి చెప్పిన కథ ఇది.

1783వ సంవత్సరము జూన్ 8వ తేదీన ఆ ద్వీపపు దక్షిణ భాగమున లాకి అను చోట భూమి చీలినది. చీలిక పొడవు 27 కిలోమీటర్లు. దాని వెంట సుమారు 130 అగ్నిబిలములు తెరచుకొన్నవి. ఎనిమిది నెలలు, మరుసటి ఏడు ఫిబ్రవరి వరకు, అవి చల్లారలేదు. అచ్చటి మతగురువు యాన్ స్టైన్‌గ్రిమ్సన్ అను నాతడు జూలై 20న ఊరి ప్రజలను ఆలయమున చేర్చి ప్రార్థన చేయుచుండగా లావా ఆలయమును చేరకమునుపే ఆగిపోయెనని ఆతడు వ్రాసియుంచెను. లావా ఆగినది గాని కీడు ఆగలేదు. వాయువులతోపాటు వెలువడిన ఫ్లోరిను బూడిదతో గూడి గడ్డిపై వాలినది. ఆ గడ్డి మేసిన గొఱ్ఱెల దంతములు చెడినవి. కీళ్ళు ఉబ్బి, ఎముకలు వికారముగ పెరిగి, నడువలేక పడిపోయినవి. గొఱ్ఱెలలో నూటికి ఎనుబది, ఆవులలోను గుఱ్ఱములలోను సగము చచ్చినవి. వెంట కరవు వచ్చి జనులలో ఐదవ వంతు మరణించిరి.

అంతవరకు దూరముగ కూర్చుండిన ఆ బాలిక లేచి వచ్చి గుడ్డ విప్పి సీసా ఆయన ముందు పెట్టెను.

"సార్, మా నాయనమ్మ నడుము కూడా అట్లే వంగిపోయింది. మెడ తిప్పలేదు. మా తమ్ముని పండ్ల మీద పసుపుపచ్చ గీతలు వచ్చినయి. ఇది మా ఇంటి వెనక బోరు నీళ్ళు. ఏ రాయి వల్ల ఇట్లయిందో అడుగుదామని తెచ్చిన."

మంట చిటపట యను చప్పుడు తప్ప మరేమియు వినబడలేదు. ఆ తరగతిలో ఆమె యొక్కతెయే కాదు, అట్టి నాయనమ్మలు తాతలు గలవారు మరికొందరుండిరి.

"ఈరోజు నువ్వు చూచిన గుండ్లే, బిడ్డా" అని ఆయన మెల్లగా చెప్పెను. "ఐస్లాండులో ఫ్లోరిను గాలిలో వచ్చి గడ్డి మీద వాలింది. మన దగ్గర గ్రానైటులోని కొన్ని ఖనిజాలలో అది దాగి ఉంది. వాన తక్కువ గనుక నేలలోని నీరు మారదు, పగుళ్ళలో ఏండ్ల తరబడి నిలుస్తుంది. ఆ నీటిలో సున్నపు పాలు తక్కువైతే ఫ్లోరైడు ఇంకా ఎక్కువ కరుగుతుంది. బోరు లోతుకు పోయినకొద్దీ రాతితో ఎక్కువ కాలం కాపురం చేసిన నీరే వస్తుంది."

ఆయన సంచి నుండి చిన్న పెట్టె తీసి, సీసా నీటిని గాజుగొట్టములో పోసి మందుచుక్కలు వేసెను. మంచి నీటిలో ఆ మందు గులాబి రంగుగ నుండును; ఫ్లోరైడు హెచ్చిన కొలది పసుపునకు తిరుగును. దివ్వె వెలుగున అందరు చూచుచుండగా నీరు పసుపుపచ్చనయ్యెను. రంగుల పట్టికతో పోల్చిన లీటరుకు 3 మిల్లీగ్రాములని తేలినది. త్రాగు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. 1 లోపున నున్న మేలు.

"కాచి తాగితే?" అని ఒక బాలుడు అడిగెను.

"కాచితే నీరు ఆవిరి అవుతుంది, ఫ్లోరైడు మిగులుతుంది. మేలు కాదు, కీడే."

పటికయు సున్నమును కలిపి కలియబెట్టి, తేరిన నీటిని వంచుకొను పద్ధతి యొకటి కలదు. 1970వ దశకమున నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించిన ఆ పద్ధతికి ప్రపంచమంతట నల్లగొండ పద్ధతి యనియే పేరు. ఊరి పేరు ఇట్టి దానికి నిలుచుట గర్వమో దుఃఖమో చెప్పుట కష్టము. అన్నిటికంటె మేలైనది ఆ రాతిని తాకని నీటిని తెచ్చుకొనుట. ఇంటింటికి నదీజలము నిచ్చు మిషన్ భగీరథ పథకపు పైలానును 2015 జూన్‌లో చౌటుప్పల్ వద్ద ఆవిష్కరించిరి. "మా ఇంటికి నల్లా ఉంది సార్" అని బాలిక చెప్పెను. "కాని నాయనమ్మ ఆ నీళ్ళు తాగదు. చప్పగా ఉన్నయంటది. బోరు నీళ్ళకే అలవాటు. తమ్మునికీ అవే పోస్తది."

మూడవ దినమున డిండి దాటి, దేవరకొండ కోటను బస్సులో నుండియే చూచి, నాగార్జునసాగరము చేరిరి. పెద్దవూర వైపు కొన్ని గుట్టలలో పచ్చదనము గలిసిన నల్లని శిలలు కలవు. అవియు లావాయే, కాని వేడిమికిని ఒత్తిడికిని రూపు మారి గుర్తింపరాకున్నవి. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడిన ఆ రాతి ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు. 1967లో కాలువలకు నీరు విడిచిరి. వేలాది కూలీలు రాయి మోసి కట్టిన కట్టడమది. లాంచీలో నాగార్జునకొండకు పోవునప్పుడు మొదట ప్రశ్న వేసిన బాలుడే, "సార్, ఈ ద్వీపం కూడా నిప్పులోనుంచి లేచిందా?" అని అడిగెను. ఇది నిప్పు చేసిన ద్వీపము కాదు, నీరు చేసినది. ఇక్ష్వాకుల విజయపురి యున్న లోయ మునుగునని తెలిసి 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిపి, దొరకిన శిల్పములను కొండపైకి చేర్చిరి. లోయ మునిగి కొండ ద్వీపమైనది.

బాలిక లాంచీ అంచున కూర్చుండి, ఖాళీ చేసి కడిగిన సీసాను వంగి కృష్ణలో ముంచెను. పడుదువని ఉపాధ్యాయుడు కేకవేసి ఆమె భుజము పట్టుకొనెను.

బస్సు ఊరు చేరుసరికి దీపాలవేళ యైనది. మార్గదర్శి బాలికతో ఆమె ఇంటివరకు నడచెను. నాయనమ్మ అరుగుపై గోడకు చేరగిలి కూర్చుండెను. మెడ తిరుగదు గావున ఒళ్ళంతయు త్రిప్పి చూచెను. "ఏందే బిడ్డా, రాళ్ళు మోసుకొచ్చినవా? మన ఊళ్ళె లేవా రాళ్ళు?" అనెను.

బాలిక మూడు గాజుగొట్టములను అరుగుపై వరుసగ నిలిపెను. ఒకదానిలో బోరు నీరు, ఒకదానిలో నల్లా నీరు, ఒకదానిలో సీసాలోని కృష్ణ నీరు. మూటిలోను తానే లెక్కపెట్టి చుక్కలు వేసెను. రెండు గులాబి రంగున నిలిచినవి. ఒకటి పసుపుపచ్చనయ్యెను. తమ్ముడు వచ్చి తొంగి చూచి, "ఇదేం రంగే అక్కా?" అని నోరు తెరచి నవ్వెను.

ముసలమ్మ ఆ గొట్టమును చూచెను. పిదప మనుమని పండ్లను చూచెను. చాలసేపటికి, "ఆ బిందెల నీళ్ళు చెట్లకు పోయి" అనెను. "నల్లా ఎప్పుడొస్తది?"

"పొద్దున ఆరింటికి, నాయనమ్మా."

"ఐతె నన్ను ఐదింటికె లేపు. బిందె నేను కడుగుత."